దారం చూపిన లెక్క

బిడ్డ కంపాస్ బాక్సులకెల్లి
కోణమానిని అడుక్కొని తెచ్చిన.
"రేపు లెక్కల పరీక్ష, పొద్దుగూకేసరికి నా చేతులుండాలె" అన్నది రవళి,
మిత్తి చెప్పని షావుకారి లెక్క.

జమ్మికుంటల ఓదెమ్మ గిర్ని.
కింద మోటరు, మీద స్లాబు,
స్లాబు మీద ఎనిమిది సోలార్ పలకలు
బడికి లేవని పిల్లల్లెక్క పండుకొని ఉన్నయి.
నా పని వాటిని లేపుడు.
ఎంత లేపాలె అన్నదే పంచాయితి.

కంపెనీ సారు ఫోన్ల చెప్పిండు:
దక్షిణం దిక్కు ముఖం, పద్దెనిమిది డిగ్రీలు,
భూమి నడిమి గీతకు మీ ఊరు అంత ఎడంల ఉన్నది అని.
రైలు టేషనుకు ఎంత దూరమో తెలుసు,
పత్తి మార్కెట్టుకు ఎన్ని అడుగులో తెలుసు.
నడిమి గీతకు ఎంత దూరమని
నలభై ఏండ్లల నన్నెవ్వలు అడగలే.

చేతుల పిండి కొంగుకు తుడుసుకుంట
ఓదెమ్మ నిచ్చెనెక్కి వచ్చింది.
"చలికాలం పొద్దు వంగి నడుస్తది గదా, ఇంకింత నిలవెట్టు."
ఎండకాలం నడినెత్తికొస్తదవ్వా.
"అయితె పండవెట్టు."
రెండూ ఒక్క ఇనుప కాలు మీద ఎట్లయితయి?
కొంచెంసేపు సూర్యుడి దిక్కు చూసింది,
బాకీ ఉన్నోడి దిక్కు చూసినట్టు.
"నాకు గిరాకి శివరాత్రికెల్లి మామిడికాయ తొక్కుల దాకా.
కారం, పసుపు. ఆ దినాలకు ఎంతనో అది చెప్పు."

సుద్దముక్కతోని స్లాబు మీద గీసిన, తుడిసిన, గీసిన.
పదిహేనుకు పద్దెనిమిదికి నడుమ తేలింది.
ఇంత తిరిగి సారు గడపకే వచ్చిన.
ఆ మాట సారుకు చెప్పలే.

లెక్క అక్కడితోని ఒడువలే.
పక్క రైస్ మిల్లు ఊకబూడిద
తెల్లారేసరికి పలకల మీద పొర పోస్తది,
ఒంపు తక్కువైతె వాన కూడ కడగదు.
ఒంపు ఎక్కువైతె
వైశాఖంల గాలిదుమారానికి పలక చాటయితది,
చాటల బియ్యం మనమే.
ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద పద్నాలుగు కోతులు,
మా పని అయిపోయేదాక ఓపికతోని కూసున్నయి.
"ముప్పై పెడదామన్నా, జారి అటే పోతయి" అన్నడు ఖాజా.
జారుతయిరా, మళ్ల ఎక్కుతయి,
మనం వాటికి జారుబండ కట్టిచ్చినోళ్లమయితం.

బస్తాలు కుట్టే సుతిలి ఒక మూర తెంపి
కొసకు నట్టు కట్టిన.
కోణమానిని తలకిందులు చేసి పలక అంచుకు ఆనిచ్చిన.
పలకను ఎటు వంచినా
దారం నేల దిక్కే చూస్తది.
దానికి ఎవ్వలి గిరాకితోని పని లేదు.
ఊగింది, ఊగింది, ఆగింది.
"అన్నా, డెబ్బై రెండు!" ఖాజా గుండె జారింది.
తొంభైలకెల్లి తియ్యిరా.
వేళ్లు మడిచి, విప్పి, మళ్ల మడిచి
ఎండల నవ్విండు.

బోల్టు బిగిచ్చిన.
కాలుకు ఇంకో రెండు బెజ్జాలు కూడ కొట్టిన,
చలికి ఒకటి, ఎండకు ఒకటి.
ఓదెమ్మ మార్చదని నాకు తెలుసు.
అయినా కొట్టిన.

మోటరు తిరిగింది.
దోసెడు ఎండు మిరపకాయలు పోసింది,
గిర్ని అంతా ఒక్కసారి తుమ్మింది.
అప్పుడే ఒక మబ్బు అడ్డమొచ్చింది,
మోటరు గొంతు కూలవడ్డది.
ఓదెమ్మ నా దిక్కు చూసింది,
ఆ మబ్బును నేనే పిలిచినట్టు.
ఇద్దరం మాట్లాడకుంట నిలవడ్డం.
మబ్బు పోయింది.

పొద్దుగూకినంక రవళి చేతుల కోణమాని పెట్టిన.
తిప్పి చూసింది, వాసన చూసింది, తుమ్మింది.
"నాన్నా, డెబ్బై రెండు కాడ అంతా ఎర్రగైంది.
రేపు ఆ కోణమే అడిగితె ఎట్ల?"

అంగి కొసతోని రుద్దిన,
పోలే.